కొన్నవాడికి శిక్ష, అమ్మినవాడికి శాలువా

రాబోయే ఉగాది కార్యక్రమంలో మన యువతీయువకుల పాశ్చాత్య బాణీ పాటలకూ, నృత్యాలకూ చోటివ్వరాదన్న తీర్మానం ఒకటి సంఘ సర్వసభ్య సమావేశం ముందుకు రానున్నది. దాన్ని ప్రతిపాదించిన పెద్దలంటే మాకు గౌరవం వుంది. ఆ తీర్మానమంటే మాత్రం లేదు. ఎందుకు లేదో చెప్పడానికే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాం.

పెద్దల వాదం క్లుప్తంగా ఇది. రెండవ ప్రపంచ యుద్ధం దాకా ఈ బ్రిటన్‌లో కుటుంబమూ, క్రమశిక్షణా వుండేవి. యుద్ధం తర్వాత డబ్బు వచ్చింది. డబ్బు వెంట వస్తు వ్యామోహం వచ్చింది. వస్తు వ్యామోహం వెంట పిల్లలు చెడిపోయారు. టెడ్డీ బాయ్‌లు, మాడ్‌లు, రాకర్లు, హిప్పీలు, పంక్‌లు, అందరూ ఆ చెట్టుకు కాసిన కాయలే. మన పిల్లలకు ఆ గతి పట్టకూడదంటే ఇప్పుడే కట్టడి చేయాలి.

ఈ కథను మేము భోజనాల బల్లల దగ్గరా, పెళ్ళి పందిళ్ళలోనూ ఎన్నోసార్లు విన్నాం. కథలో కొరత లేదు. కానీ ఈ దేశ చరిత్ర ఆ ప్రకారం నడవలేదు. మనం ఇక్కడ కాపురాలు పెట్టి, పన్నులు కట్టి, పిల్లల్ని కని పెంచుతున్నాం కనుక ఆ చరిత్రను కాస్త ఓపికగా తెలుసుకోవడం మన బాధ్యత.

యుద్ధం ముగిసింది 1945లో. కానీ రేషన్ కార్డు వెంటనే పోలేదు. మిఠాయిల మీద రేషన్ 1953 ఫిబ్రవరిలో ఎత్తేశారు. మాంసం మీద ఎత్తేసి, మొత్తం పద్ధతికి స్వస్తి చెప్పింది 1954 జూలై 4న. అంటే 1940లో పుట్టిన పిల్లవాడు 14 ఏళ్ళు వచ్చేదాకా రేషన్ కార్డు మీదే పెరిగాడు. అదే సమయంలో 1946 నుంచి బడిలో ప్రతి పిల్లకూ రోజుకు మూడోవంతు పైంటు పాలు ఉచితంగా ఇచ్చారు. 1947లో బడి విడిచే వయస్సును 15కు పెంచారు. 1948 జూలై 5న జాతీయ ఆరోగ్య సేవ మొదలయింది. పేదింటి బిడ్డకు కూడా పాలూ, చదువూ, డాక్టరూ దొరికిన తరం అది. ఈ శతాబ్దాల్లో పిల్లలు తమ తల్లిదండ్రులకంటే పొడుగ్గా ఎదుగుతున్నారనీ, ముందుగా యుక్తవయస్సుకు వస్తున్నారనీ జేమ్స్ టానర్ వంటి శాస్త్రజ్ఞులు కొలతలు తీసి మరీ చూపించారు. మన పెద్దలు చెడిపోయిందంటున్న తరం, వైద్యుల కళ్ళతో చూస్తే, ఈ దేశం అంతకుముందు ఎన్నడూ కనిపెంచని ఆరోగ్యవంతమైన తరం.

ఆ తరానికి రాజ్యం ఇచ్చిన గౌరవమెంతో కూడా చూడండి. 18 ఏళ్ళు నిండిన మగపిల్లవాణ్ణి సైన్యంలోకి లాక్కుపోయేవారు. 1950 నుంచి అది రెండేళ్ళ సేవ. వాళ్ళను కొరియాకూ, మలయాకూ, సైప్రస్‌కూ పంపారు. అందులో చనిపోయినవారున్నారు. 1953 జనవరి 28న డెరెక్ బెంట్లీ అనే 19 ఏళ్ళ కుర్రవాణ్ణి వాండ్స్‌వర్త్ జైల్లో ఉరి తీశారు. ఆ తీర్పు నిలవదని అప్పీలు కోర్టు దాన్ని కొట్టివేసింది 1998లో, అంటే 45 ఏళ్ళ తర్వాత. కానీ ఓటు హక్కుకు మాత్రం 21 ఏళ్ళు నిండాలి. చంపడానికీ, చావడానికీ, ఉరికంబం ఎక్కడానికీ చాలిన వయస్సు ఓటు వేయడానికి చాలలేదు! ఓటు వయస్సును 18కి దించింది 1969 నాటి చట్టం. కొత్తగా సైన్యంలోకి పిలవడం 1960 చివరితో ఆగింది.

ఇక డబ్బు సంగతి. యుద్ధానికి ముందు శ్రామిక కుటుంబాల్లో చాలాచోట్ల పనిచేసే కుర్రవాడు జీతం కవరు విప్పకుండానే తల్లి చేతికిచ్చేవాడు. తల్లి అందులోంచి చిల్లర ఖర్చులకు కొంత తిరిగి ఇచ్చేది. మన ఇళ్ళల్లో మొదటి జీతం తండ్రి చేతిలో పెట్టడం వంటిదే ఇది. యుద్ధం తర్వాత పనులు పుష్కలంగా దొరికాయి, కూలి పెరిగింది. కుర్రవాళ్ళు ఇంటికి తిండి ఖర్చు కట్టి, మిగతాది తమ దగ్గర వుంచుకోవడం మొదలుపెట్టారు. మార్క్ అబ్రమ్స్ అనే మార్కెట్ పరిశోధకుడు 1959లో ఈ సంగతి మీద ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. 15 నుంచి 25 ఏళ్ళ లోపు అవివాహితులను అతడు లెక్కగట్టాడు. వారు సుమారు 50 లక్షలమంది. 1938తో పోలిస్తే వాళ్ళ నిజ ఆదాయం సుమారు 50 శాతం పెరిగింది. పెద్దవాళ్ళకు పెరిగినదానికి అది రెట్టింపు. దేశంలో గ్రామఫోన్ రికార్డులకూ, వాటిని వాయించే యంత్రాలకూ అయ్యే ఖర్చులో 40 శాతానికి పైగా వాళ్ళ జేబుల్లోంచే వచ్చేది. ఆ ఖర్చులో నూటికి దాదాపు 90 వంతులు శ్రామికవర్గపు అభిరుచి ప్రకారం సాగుతున్నదని కూడా అతడే రాశాడు.

ఆ చివరి మాట గట్టిగా గుర్తుంచుకోవాలి. యువ సంస్కృతి అని మనం పిలిచేది విలాసాల్లో తేలిన శ్రీమంతుల బిడ్డల పోకడ కాదు. ఫ్యాక్టరీలో, దుకాణంలో, రేవులో పనిచేసి కూలి తెచ్చుకున్న పిల్లలు జీవితంలో మొదటిసారి తమ ఇష్టప్రకారం పెట్టిన ఖర్చు అది. వాళ్ళ తాతలకు ఆ ఖర్చు ఎన్నడూ దక్కలేదు.

మరి పెద్దలకు అంత కోపం ఎందుకొచ్చింది? టెడ్డీ బాయ్‌ల కోటు చరిత్ర దీనికి జవాబు చెబుతుంది. యుద్ధం తర్వాత లండన్ సావిల్ రో దర్జీలు ఎడ్వర్డ్ రాజు కాలపు పొడుగు కోట్లను డబ్బున్న యువకుల కోసం మళ్ళీ ఫ్యాషన్‌లోకి తెచ్చారు. అప్పుడెవరికీ అభ్యంతరం లేదు. తర్వాత దక్షిణ లండన్‌లోని కూలివాళ్ళ పిల్లలు అటువంటి కోట్లే తమ వీధి దర్జీల దగ్గర కుట్టించుకున్నారు. వెంటనే అది రౌడీల వేషం అయిపోయింది. శ్రీమంతులు ఆ కోటు తొడగడమే మానుకున్నారు. మన ఊళ్ళల్లో దొరగారి ముందు చెప్పులు తొడుక్కుని నడిచినవాడి మీద పడిన కోపం ఎలాంటిదో తెలిసినవారికి ఈ కోపం కొత్తగా అనిపించదు.

పట్టణాల్లో అప్పుడు మిల్క్ బార్లు వెలిశాయి. పాలూ, ఐస్‌క్రీమూ అమ్మే దుకాణాలు అవి. మూల ఒక జూక్‌బాక్స్ వుండేది, నాణెం వేస్తే పాట పాడేది. పిల్లలు సాయంత్రాలు అక్కడ చేరేవారు. శ్రామిక కుటుంబంలోనే పుట్టి పెరిగిన రిచర్డ్ హోగార్ట్ వంటి గొప్ప పండితుడు కూడా 1957లో రాసిన పుస్తకంలో ఆ పిల్లల్ని చూసి పెదవి విరిచాడు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారన్న సామెత మనకుంది. ఇక్కడ వాళ్ళు తాగింది అక్షరాలా పాలే!

1964 ఈస్టర్ సెలవుల్లో క్లాక్టన్ అనే సముద్రతీర పట్టణానికి లండన్ కుర్రవాళ్ళు స్కూటర్ల మీదా, మోటారు సైకిళ్ళ మీదా వెళ్ళారు. చలి, వాన. చేయడానికి పనేమీ లేదు. కొట్లాట జరిగింది, అద్దాలు పగిలాయి. 97 మందిని పట్టుకున్నారు. మర్నాటి పత్రికలు మాత్రం శత్రుసైన్యం వచ్చి పట్టణం మీద పడ్డట్టు రాశాయి. స్టాన్లీ కోహెన్ అనే సమాజశాస్త్రజ్ఞుడు ఈ వ్యవహారమంతా పరిశోధించి 1972లో గ్రంథంగా వెలువరించాడు. అక్కడ జరిగిన నష్టం మొత్తం సుమారు 500 పౌండ్లు. పత్రికలు పెంచి రాసిన కొద్దీ తర్వాతి సెలవులకు మరింతమంది కుర్రవాళ్ళు తీరానికి వచ్చారు, మరింతమంది పోలీసులు వచ్చారు, మరింతమంది విలేఖరులూ వచ్చారు. భయపడ్డ సమాజం తన భయానికి తానే ఎలా ఎరువు వేస్తుందో ఆ గ్రంథం చూపించింది. మన తీర్మానం కూడా అటువంటి ఎరువే అని మా అభిప్రాయం.

ఇంతకూ ఆ పిల్లలు కొన్న సరుకులు అమ్మినది ఎవరు? స్కూటరు వాయిదాల మీద వచ్చేది. 21 నిండనివాడి ఒప్పందం కోర్టులో చెల్లదు కనుక సాధారణంగా తండ్రి చేత హామీ సంతకం పెట్టించుకునేవారు. 1955 సెప్టెంబరు 22న ప్రకటనల టెలివిజన్ మొదలయింది. అందులో వచ్చిన మొట్టమొదటి ప్రకటన ఒక పళ్ళపేస్టుది. ఆ టెలివిజన్ యజమానులు పెద్దలే. రికార్డు కంపెనీల యజమానులు పెద్దలే. బీటిల్స్ పేరు మీద విగ్గులూ, బొమ్మలూ, సంచులూ అమ్ముకోవడానికి జరిగిన మొదటి ఒప్పందంలో వచ్చిన రుసుములో నూటికి 90 వంతులు ఆ వ్యాపార సంస్థకు, 10 వంతులు పాటగాళ్ళ పక్షానికి! వాళ్ళ పాటల హక్కులున్న నార్దర్న్ సాంగ్స్ కంపెనీ 1965లో స్టాక్ మార్కెట్‌కెక్కింది, 1969లో ఏటీవీ చేతికి పోయింది. రాసినవాళ్ళ పాటలు రాసినవాళ్ళ చేతిలో లేకుండా పోయాయి. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమంటే ఇదే. అమ్మినవారిలో యువకులు లేరా అంటే వున్నారు. 1955లో కింగ్స్ రోడ్డులో దుకాణం తెరిచేనాటికి మేరీ క్వాంట్ వయస్సు 25. అయినా మొత్తం మీద లాభం ఎటు పారిందో, నింద ఎటు పారిందో చూస్తే రెండూ ఒకే కాలవలో పారలేదని తెలుస్తుంది.

వైద్యులం కనుక మా వృత్తికి సంబంధించిన ఉదాహరణ ఒకటి ఇస్తాం. మాడ్ కుర్రవాళ్ళు శనివారం రాత్రంతా మేలుకుని నాట్యమాడటానికి 'పర్పుల్ హార్ట్స్' అనే బిళ్ళలు మింగేవారు. ఆ బిళ్ళ అసలు పేరు డ్రినమిల్. డెక్సాంఫెటమిన్, అమైలోబార్బిటోన్ కలిపిన మందు. దాన్ని తయారుచేసింది పేరున్న కంపెనీ. దిగులుగా వున్న గృహిణులకూ, బరువు తగ్గాలనుకున్నవారికీ రాసిచ్చింది మా వృత్తివాళ్ళే. తల్లి సంచిలో వున్నంతసేపు అది మందు, కొడుకు జేబులోకి రాగానే నేరం. పత్రికల్లో గోల పుట్టింది. 1964లోనే చట్టం వచ్చింది. ఇప్పుడు సిగరెట్టు చూడండి. పొగాకుకూ, ఊపిరితిత్తుల కాన్సరుకూ వున్న సంబంధాన్ని రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ 1950లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో చూపించారు. 1962లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ నివేదిక ఇచ్చింది. టెలివిజన్‌లో సిగరెట్ ప్రకటనలు ఆగింది 1965 ఆగస్టు 1న. పత్రికల్లోనూ, గోడల మీదా ఆగింది 2003లో! కుర్రవాడి బిళ్ళ మీద పత్రికలు గోలపెట్టగానే చట్టం లేచింది. కంపెనీ సిగరెట్టు ముందు అదే చట్టం అర్ధశతాబ్దం పాటు కాళ్ళీడ్చింది. ఈ రెండింటిలో ఎక్కువమందిని చంపింది ఏదో మీరు మమ్మల్ని అడగనవసరం లేదు.

ఆ యువతరమంతా అమాయకులని మేము అనడం లేదు. 1958లో నాటింగ్ హిల్‌లో వెస్టిండియన్ల మీద పడినవారిలో టెడ్డీ బాయ్‌లున్నారు. ఆ కేసుల్లో తొమ్మిదిమంది తెల్ల కుర్రవాళ్ళకు తలా నాలుగేళ్ళ శిక్ష పడింది. 1970 నాటికి గుండు చేయించుకున్న స్కిన్‌హెడ్ గుంపులు లండన్‌లో మనవంటి రంగువాళ్ళను వేటాడాయి. ఇది మరిచిపోతే మనం మన చరిత్రనే మరిచిపోయినట్లు. కానీ ఆ ద్వేషం వాళ్ళకు రికార్డుల్లోంచి రాలేదు. గోడల మీద ఆ రాతలు రాసినవారూ, 'గదులు ఇవ్వబడవు' అని తలుపుకు బోర్డు తగిలించినవారూ, పార్లమెంటులో మాట్లాడినవారూ వయస్సు మళ్ళినవారే.

దానికి ఎదురు నిలిచింది ఎవరో కూడా చూడాలి. 1976లో 'రాక్ ఎగైనెస్ట్ రేసిజం' ఉద్యమం పుట్టింది. 1978 ఏప్రిల్ 30న ట్రఫాల్గర్ స్క్వేర్ నుంచి విక్టోరియా పార్కు దాకా పదుల వేలమంది నడిచారు. అక్కడ క్లాష్ అనే పంక్ బృందమూ, స్టీల్ పల్స్ అనే నల్లవారి రెగె బృందమూ ఒకే వేదిక మీద పాడాయి. 1976 జూన్ 4న సౌత్‌హాల్‌లో 18 ఏళ్ళ గురుదీప్ సింగ్ చగ్గర్ హత్య జరిగినప్పుడు అక్కడి పెద్దలు సమావేశమై తీర్మానాలు చేశారు. కుర్రవాళ్ళు పోలీస్ స్టేషన్‌కు నడిచారు, సౌత్‌హాల్ యూత్ మూవ్‌మెంట్ పెట్టుకున్నారు. ఈ దేశపు వీధుల్లో మనం తలెత్తుకు తిరగడానికి అటువంటి కుర్రవాళ్ళ నడక ఎంత కారణమో, పెద్దల తీర్మానాలు ఎంత కారణమో ఎవరికి వారే బేరీజు వేసుకోవచ్చు.

మన తెలుగునేల కథ మాత్రం వేరా? 1969లో తెలంగాణ ఉద్యమంలో, 1972లో జై ఆంధ్ర ఉద్యమంలో చదువులు పక్కన పెట్టి వీధుల్లోకి వచ్చింది విద్యార్థులే. బెల్‌బాటమ్ పంట్లాములు తొడిగి, చెవుల మీదికి జుట్టు పెంచి విజయవాడలోనూ, వరంగల్‌లోనూ తిరిగిన ఆ తరాన్ని చూసి అప్పటి పెద్దలు, 'కాలం చెడిపోయింది' అనే అన్నారు. ఆ తరంవారి పాత ఫొటోలు చూసి ఈనాడు మనవలు నవ్వుకుంటున్నారు. చెడిపోయినవాళ్ళు ఇంతమందిని పెంచి పెద్దచేశారన్నమాట!

కట్టడి చేస్తే ఏమవుతుందో కూడా ఈ దేశంలోనే చూశాం. 1980లలో లండన్, బ్రాడ్‌ఫర్డ్, బర్మింగ్‌హామ్ నగరాల్లో దక్షిణాసియా కుటుంబాల పిల్లల కోసం భాంగ్రా నాట్యాలు పట్టపగలు జరిగేవి. రాత్రి ఇల్లు కదలనివ్వరు కనుక పగలు. పిల్లలు సంచిలో మరో జత బట్టలు పెట్టుకుని కాలేజీకని బయలుదేరి, అక్కడ ఆడిపాడి, మళ్ళీ బడి బట్టల్లో ఇంటికి చేరేవారు. నిషేధం వల్ల నాట్యం ఆగలేదు, అబద్ధం మాత్రం అలవాటయింది. ఈనాడు మా దగ్గరకు వచ్చే మన పిల్లల్లో చాలామంది తల్లిదండ్రులు గది బయటకు వెళ్ళేదాకా నోరు విప్పరు. నిద్ర పట్టడం లేదని, తిండి సహించడం లేదని, దిగులుగా వుందని చెప్పుకోవడానికి ఇంట్లో ఒక్క మనిషి దొరకని పిల్లకు ఖరీదైన ఫోను మాత్రం దొరికింది. ఆ ఫోను కొనిచ్చింది ఎవరు? దానిలోంచి రోజంతా ఆమె కోరికలను లెక్కగట్టి వస్తువులు అమ్ముతున్నది ఎవరు? 1959లో అబ్రమ్స్ ఒక పుస్తకంలో వేసిన లెక్క ఇప్పుడు ప్రతి నిమిషమూ వేస్తున్నారు. తీర్మానంలో వాళ్ళ ప్రస్తావన లేదు. పిల్ల నాట్యం ప్రస్తావన వుంది.

ఇక వస్తు వ్యామోహం గురించి. మన పండుగ సభల్లో వేదిక వెనక తెర మీద ఏముంటుందో అందరమూ చూస్తున్నదే. హైదరాబాదు శివార్ల ప్లాట్ల ప్రకటన, బంగారు నగల దుకాణం ప్రకటన, పెళ్ళిమంటపాల ప్రకటన. గణపతి ప్రార్థనకూ, కూచిపూడికీ నడుమ పావుగంట సేపు విల్లాల గురించి ఉపన్యాసం. ఆ వ్యాపారిని వేదిక మీదికి పిలిచి శాలువా కప్పుతాం. 15 ఏళ్ళ పిల్ల మూడు నిమిషాలు తనకు నచ్చిన పాటకు ఆడతానంటే సంస్కృతికి ముప్పు! 1950లనాటి బ్రిటిష్ పెద్దల న్యాయం మన హాల్లోకి తెలుగులో నడిచివచ్చిందంటే కాదనగలమా?

ఆ బ్రిటిష్ పెద్దల్లో కొందరు మాత్రం మంచి దారి కూడా చూపారు. 1958లో ఆల్బమార్ల్ ప్రభ్వి అధ్యక్షతన ప్రభుత్వం వేసిన సంఘం 1960లో నివేదిక ఇచ్చింది. మిల్క్ బార్ పిల్లల్ని చూసి పెదవి విరిచిన హోగార్ట్ ఆ సంఘంలో సభ్యుడే. ఆ నివేదిక పిల్లలకు నీతిబోధలు రాయలేదు; భవనాలు కట్టండి, శిక్షణ పొందిన మనుషుల్ని పెట్టండి, యువజనులనే ఈ సేవలో భాగస్వాములుగా చూడండి అన్నది. దాని ఫలితంగా దేశమంతా యువజన కేంద్రాలు లేచాయి. 2010 తర్వాత నిధులు కోసేసి వందల కేంద్రాలు మూసేశారు. పిల్లలకు కూర్చోవడానికి డబ్బు కట్టనక్కరలేని చోటు తగ్గిపోయిన దేశంలో మన సంఘం హాలు అటువంటి ఒక చోటు కావచ్చు. దానికి తాళం వేయాలని తీర్మానమా?

అందువల్ల సభ్యులకు మా విన్నపాలు మూడు. ఒకటి, ఈ తీర్మానాన్ని ఓడించండి. రెండు, కార్యవర్గ సభ్యత్వానికి 25 ఏళ్ళు నిండాలన్న మన నియమాన్ని మార్చి, 18 నిండినవారికి రెండు స్థానాలు, ఓటుతో సహా, ఇవ్వండి. ఈ దేశం 1969లో చేసిన పని చేయడానికి మనకింకా ఎన్నేళ్ళు పట్టాలి? మూడు, నెలకొక సాయంత్రం హాలును, చట్టం కోరే జాగ్రత్తలన్నీ తీసుకుని, పిల్లలకు వదిలిపెట్టండి. వాళ్ళు ఏం పాడాలో, ఏం ఆడాలో వాళ్ళే నిర్ణయించుకోనివ్వండి. అక్కడ ఎవరూ ఏదీ అమ్మకూడదన్న షరతు ఒక్కటి పెడదాం.

వాళ్ళ పాట మనకు నచ్చకపోవచ్చు. నచ్చాలన్న నియమమేమీ లేదు. కానీ ఈ తీర్మానం నెగ్గితే మన పిల్లలు పాడటం మానరు. మన ముందు పాడటం మానుతారు. ఆ తర్వాత పదేళ్ళకు, 'యువతరం సంఘానికి రావడం లేదేమిటి?' అని మనమే ఒక చర్చాగోష్ఠి పెట్టుకోవలసి వస్తుంది. దానికి ప్రాయోజకులు మాత్రం పుష్కలంగా దొరుకుతారు.